మూవింగ్ కంపెనీ కోట్ ఇచ్చింది. డబ్బు కట్టే ముందు వాళ్ల డాట్ నంబరు ఎలా చూడాలి?

పాలపిట్ట (ఎడిసన్, న్యూజెర్సీ)

అందరికీ నమస్కారం. మావారికి టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉద్యోగం ఖాయమైంది. జూన్ చివరికల్లా ఇక్కడ ఇల్లు ఖాళీ చేయాలి. రెండు బెడ్‌రూముల సామాను. ఆన్‌లైన్‌లో ఒక ఫారం నింపానో లేదో, గంటలో పదిహేను ఫోన్లు వచ్చాయి. అందరూ నాలుగున్నర వేలు, ఐదు వేలు అంటుంటే ఒకాయన మాత్రం 2,850 డాలర్లకు మొత్తం చేసిపెడతామన్నాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు. కాకపోతే ఈ రాత్రికే 900 డాలర్లు ‘జెల్’ యాప్‌లో పంపితేనే ఆ రేటు ఉంటుందట.

సామానులో మా అమ్మ బొబ్బిలి వీణ ఉంది. అమ్మ లేదు, వీణ ఉంది. అందుకే ఇంత భయం. ఆయన పంపిన ఈమెయిల్ కింద ఒక డాట్ నంబరు ఉంది, అమెరికా రవాణా శాఖ కంపెనీలకి ఇచ్చే నంబరట. ప్రభుత్వ సైట్‌లో దాన్ని చూడొచ్చని విన్నాను. ఎక్కడ చూడాలి, చూశాక ఏం అర్థం చేసుకోవాలి? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

---

కొలంబస్_సేఫ్టీ (ఒహాయో)

అమ్మా, ముందు ఒక మాట. ఈ రాత్రి డబ్బు పంపకండి. రేపటికి ఉండని రేటు అసలు రేటే కాదు.

నేను ఇక్కడ ఒక ట్రక్కింగ్ కంపెనీలో సేఫ్టీ విభాగంలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. ఈ రికార్డులు చూడటమే నా పని. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి సరుకు మోసే ప్రతి కంపెనీ ఫెడరల్ మోటార్ క్యారియర్ సేఫ్టీ అడ్మినిస్ట్రేషన్ కిందికి వస్తుంది. ఎఫ్ఎంసీఎస్ఏ అంటారు. రవాణా శాఖ కింద 2000 జనవరి 1న మొదలైంది. దానికి ‘సేఫర్’ అని ఒక సైట్ ఉంది, అందులో ‘కంపెనీ స్నాప్‌షాట్’ అనే పేజీ. పైసా ఖర్చు లేదు, లాగిన్ అక్కర్లేదు. కంపెనీ పేరుతో వెతకకండి, ఒకే పేరుతో పది కంపెనీలు వస్తాయి. డాట్ నంబరుతోనే వెతకండి.

పేజీ తెరిచాక పై నుంచి కిందికి కాకుండా నేను చెప్పిన వరసలో చూడండి.

మొదట ‘ఎంటిటీ టైప్’. అక్కడ క్యారియర్ అని ఉందా, బ్రోకర్ అని ఉందా? క్యారియర్‌కి బండ్లుంటాయి. బ్రోకర్‌కి ఫోన్ మాత్రమే ఉంటుంది.

తర్వాత ‘ఆపరేటింగ్ అథారిటీ’. ‘ఆథరైజ్డ్’ అని ఉంటే చాలదు. దేనికి అనుమతి అన్నది పక్కనే రాసి ఉంటుంది. ఇంటి సామాను మోయాలంటే ‘హెచ్‌హెచ్‌జీ’ అన్న మూడక్షరాలు కనబడాలి, హౌస్‌హోల్డ్ గూడ్స్ అన్నమాట. ‘ప్రాపర్టీ’ ఒక్కటే ఉంటే అది మామూలు సరుకుకి ఇచ్చిన అనుమతి. ఇక్కడ చాలామంది పొరపడేది ఒకటుంది. అదే పేజీలో కింద ‘కార్గో క్యారీడ్’ అని ఒక పట్టిక ఉంటుంది, అందులో హౌస్‌హోల్డ్ గూడ్స్ ఎదురుగా ఇంటూ గుర్తు ఉంటుంది. అది చూసి సరే అనుకుంటారు. ఆ గుర్తు కంపెనీ తనకు తానే ఫారంలో పెట్టుకున్నది. ప్రభుత్వం ఇచ్చిన అనుమతి పైన ఉన్నది.

మూడోది ‘పవర్ యూనిట్స్’, ‘డ్రైవర్స్’. ఎన్ని బండ్లు, ఎంతమంది డ్రైవర్లు అని.

ఈ మూడూ చూసి ఏముందో ఇక్కడ రాయండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

---

పాలపిట్ట

అన్నయ్యా, ఇప్పుడే చూశాను. ఎంటిటీ టైప్: బ్రోకర్. పవర్ యూనిట్స్ దగ్గర సున్నా. డ్రైవర్లు సున్నా. కానీ ఫోన్‌లో ఆయన ‘మా ట్రక్కు’, ‘మా కుర్రాళ్లు’ అనే అన్నాడు. రెండుసార్లు అడిగాను కూడా.

---

కొలంబస్_సేఫ్టీ

అందుకే ముందు అది చూడమన్నది. బ్రోకర్ అయినంత మాత్రాన దొంగ కాదమ్మా, చట్టబద్ధమైన వ్యాపారమే. ఇంటి సామాను బ్రోకర్‌కి కూడా రిజిస్ట్రేషన్ ఉండాలి, పూచీగా 75,000 డాలర్ల బాండో ట్రస్టో ఉండాలి. 2013 మార్పుకి ముందు ఇంటి సామాను బ్రోకర్లకి అది 25,000 ఉండేది. కానీ బ్రోకర్‌కి కొన్ని బాధ్యతలున్నాయి. తాను బ్రోకర్‌నని, సామాను తాను మోయనని, వేరేవాళ్లతో మోయిస్తానని తన ప్రకటనల్లో, వెబ్‌సైట్‌లో చెప్పాలి. రిజిస్టరైన మూవర్లనే వాడాలి. ఏ మూవర్లను వాడతాడో మీకు జాబితా ఇవ్వాలి. ఆ మూవర్‌తో రాతపూర్వక ఒప్పందం లేకుండా మీకు అంచనా ఇవ్వకూడదు.

‘మా ట్రక్కు’ అన్నాడంటే మొదటి బాధ్యతే తప్పాడు. మనిషి ఎంత మర్యాదస్తుడైనా సరే, నేనైతే అక్కడే ఆపేస్తాను.

---

తుంగభద్ర_తీరం (ఫీనిక్స్, అరిజోనా)

పాలపిట్ట గారూ, మీ పోస్టు చదివి చేతులు చల్లబడ్డాయి. 2021లో మాకు అచ్చం ఇలాగే జరిగింది. పేర్లు చెప్పను, జరిగింది చెబుతాను.

షార్లెట్ నుంచి ఇక్కడికి వస్తున్నాం. 3,200 డాలర్లని కోట్. రోజు చెప్పి రెండు రోజులు ఆలస్యంగా వచ్చారు. వచ్చింది అద్దె ట్రక్కు. పక్కన కంపెనీ పేరు లేదు, నంబరు లేదు. నేను ఆరునెలల బాబుని ఎత్తుకుని ఉన్నాను, అపార్ట్‌మెంట్ తాళాలు సాయంత్రం ఐదుకి ఇచ్చేయాలి. సామానంతా ఎక్కించాక ఒకతను కాగితాలు తెచ్చి, మీ సామాను అనుకున్నదానికంటే ఎక్కువ జాగా పట్టింది, 7,400 అవుతుంది, ఇక్కడ సంతకం పెట్టండి అన్నాడు. పెట్టకపోతే? సామాను గోడౌన్‌కి వెళ్తుంది, రోజుకింత అద్దె అన్నాడు. పెట్టేశాను.

ఇరవై ఆరు రోజుల తర్వాత సామాను వచ్చింది. అన్ని రోజులూ ఖాళీ ఇంట్లో పరుపు కొనుక్కుని పడుకున్నాం. దించే ముందు మిగతా సొమ్మంతా నగదే కావాలన్నారు. ఇచ్చాం. మా అత్తగారిచ్చిన ఇత్తడి గంగాళం రాలేదు. అడిగితే జాబితాలో లేదన్నారు. జాబితా రాసిందీ వాళ్లే, నేను చదవకుండా సంతకం పెట్టాను.

డాట్ నంబరు అనేది ఒకటి ఉంటుందని అప్పుడు నాకు తెలీదు. దయచేసి డబ్బు కట్టకండి.

---

కొలంబస్_సేఫ్టీ

తుంగభద్ర గారూ, మీరు పడిన కష్టానికి చాలా బాధగా ఉంది. దీన్ని ఇక్కడ ‘హోస్టేజ్ లోడ్’ అంటారు. సామానుని బందీగా పట్టుకోవడం. ఫెడరల్ చట్టంలో దానికి రోజుకి 10,000 డాలర్లకు పైగా సివిల్ జరిమానా ఉంది. నేరంగా రుజువైతే రెండేళ్ల వరకు జైలు కూడా.

ఇది చదివే అందరికోసం ఒక లెక్క రాస్తాను, గుర్తుపెట్టుకోండి. రాసిచ్చే అంచనాలు రెండు రకాలు. ‘బైండింగ్’ అంటే ఖాయమైన రేటు, ఆ మొత్తం ఇస్తే సామాను దించాల్సిందే. ‘నాన్ బైండింగ్’ అంటే అటూ ఇటూ కావచ్చు, కానీ దించే రోజున అంచనాలో 110 శాతం కంటే ఎక్కువ అడగకూడదు. మీ 3,200కి ఆ రోజు ఇవ్వాల్సింది 3,520. ఇంకేమైనా బాకీ ఉందంటే వాళ్లు ముప్ఫై రోజుల తర్వాత బిల్లు పంపుకోవాలి. తర్వాత మీరే అడిగి చేయించుకున్న అదనపు పని ఉంటే దాని లెక్క వేరు.

సామాను ఎక్కువుందని మూవర్ అనుకుంటే కొత్త అంచనా వేయాల్సింది ఎక్కించక ముందు. అప్పుడు మీరు ఒప్పుకోవచ్చు, పొమ్మనవచ్చు. ఎక్కించాక మార్చడానికి లేదు. దొంగలందరూ కాగితం ఎక్కించాకే తెచ్చేది ఎందుకంటే, అప్పుడు మీరు పొమ్మనలేరు.

---

నెల్లూరు_నేల (సియాటెల్)

కొలంబస్ గారి మీద గౌరవంతోనే అడుగుతున్నా. ఇంత తవ్వాలా? నేను మూడుసార్లు ఇల్లు మారాను. రివ్యూలు చూసుకుని, 4.8 పైన ఉన్నవాళ్లని పిలిచాను. ఏ ఇబ్బందీ రాలేదు. మామూలు మనిషికి ఈ ప్రభుత్వ పేజీలు చదివే ఓపిక ఎక్కడుంటుంది?

---

కొలంబస్_సేఫ్టీ

మీకు మంచి జరిగింది, సంతోషం. రివ్యూలు నేనూ చూస్తాను. కానీ రివ్యూ పేరుకి అంటుకుని ఉంటుంది. పేరు మార్చడానికి ఒక పూట చాలు. ఈ రంగంలో అలా పేర్లు మార్చి తిరిగే కంపెనీలని ‘కమీలియన్ క్యారియర్’ అంటారు, ఊసరవెల్లి అన్నమాట. ప్రభుత్వం ఒక నంబరు మూయిస్తే వాళ్లే, అదే ఆఫీసులో, అవే బండ్లతో ఇంకో నంబరు తీసుకుంటారు.

దీని ఖరీదు ఏమిటో చెప్పడానికి ఒక్క సంగతి. 2008 ఆగస్టు 8న టెక్సాస్‌లో షెర్మన్ దగ్గర ఒక బస్సు వంతెన మీద నుంచి పడిపోయింది. హ్యూస్టన్ నుంచి మిస్సోరిలోని కార్తేజ్‌కి తీర్థయాత్రకి వెళ్తున్న వియత్నామీ కాథలిక్ భక్తులు అందులో ఉన్నారు. 17 మంది పోయారు. ముందు టైరు పేలింది, అది రీట్రెడ్ చేసిన టైరు, అంటే అరిగాక పైన కొత్త రబ్బరు వేసినది. బస్సుల ముందు చక్రాలకి అలాంటివి వేయకూడదు. దర్యాప్తులో తేలింది ఏమిటంటే, ఆ బస్సు యజమాని పాత కంపెనీని ఆ జూన్‌లోనే రోడ్డు మీదకి రావద్దని ఆపేశారు. అతను ఇంకో పేరుతో కొత్త దరఖాస్తు పెట్టి, అనుమతి రాకముందే బస్సు తిప్పాడు. నేను మా ఆఫీసులో కొత్తగా చేరేవాళ్లందరికీ ఇది చెబుతాను. ఎక్కినవాళ్లలో ఒక్కరు నంబరు చూసుంటే అని నేను అనను, యాత్రికులు అది చూడాల్సిన పని కాదు. కానీ చూసే వీలు ఇప్పుడు మన చేతిలో ఉంది.

ఊసరవెల్లిని పట్టుకోవడానికి నేను చేసేది ఇది. ఎఫ్ఎంసీఎస్ఏకే ‘లైసెన్సింగ్ అండ్ ఇన్సూరెన్స్’ అని ఇంకో పేజీ ఉంది. అందులో అథారిటీ హిస్టరీ చూస్తే అనుమతి ఏ రోజు ఇచ్చారు, ఎప్పుడైనా రద్దు చేశారా అన్నది తారీఖులతో ఉంటుంది. వెబ్‌సైట్‌లో ‘ఇరవై ఏళ్ల అనుభవం’ అని, ఇక్కడ నాలుగు నెలల కిందటి తారీఖు కనబడితే ఆ ఇరవై ఏళ్లూ ఏ పేరు మీద చేశారో అడగండి. తర్వాత ఆ అడ్రసు, ఆ ఫోన్ నంబరు విడిగా గూగుల్‌లో కొట్టండి. ఇంకో కంపెనీ పేరు బయటికి వస్తే ఆ పేరు మీద ఫిర్యాదులు చూడండి.

---

నెల్లూరు_నేల

ఒప్పుకుంటున్నాను. రివ్యూ పేరుకి అంటుకుని ఉంటుందన్న సంగతి నాకు తట్టలేదు. మూడోసారి మేం పిలిచిన కంపెనీ నంబరు ఇప్పుడు కొట్టి చూశాను, ‘నాట్ ఆథరైజ్డ్’ అని వచ్చింది. మా అదృష్టం బాగుండి బయటపడ్డాం.

---

రాత్రిబండి (ఇండియానాపొలిస్)

నేను సొంత ట్రక్కు నడుపుతాను. గుంటూరు జిల్లా వాణ్ని, ఇక్కడికొచ్చి పద్నాలుగేళ్లు. కింద ఉండే తనిఖీల పట్టిక గురించి ఎవరూ చెప్పలేదు, డ్రైవర్‌గా నేను చెబుతా.

గత 24 నెలల్లో రోడ్డు మీద, బండ్లు తూచే వే స్టేషన్లలో మమ్మల్ని ఎన్నిసార్లు ఆపి చూశారు, అందులో ఎన్నిసార్లు ‘అవుట్ ఆఫ్ సర్వీస్’ పెట్టారు అన్నది ఆ పట్టిక. అవుట్ ఆఫ్ సర్వీస్ అంటే బండి అక్కడే ఆగిపోవాలి, బాగుచేయించాకే కదలాలి. డ్రైవర్‌కి పెడితే డ్రైవర్ ఆగిపోవాలి. పక్కనే దేశం మొత్తం సగటు కూడా వేస్తారు. బండ్లకి 22 శాతం దగ్గర్లో, డ్రైవర్లకి 7 శాతం లోపు ఉంటుంది.

నేను డ్రైవర్ల అంకెనే ముందు చూడమంటాను. బ్రేకు సర్దుబాటు పోయిందనో, లైటు వెలగలేదనో బండిని ఆపుతారు. అవి తప్పులే, కానీ దారిలో ఎవరికైనా జరగొచ్చు. డ్రైవర్‌ని ఆపేది మాత్రం ఎక్కువసార్లు గంటల లెక్క తప్పినందుకు, లైసెన్సు సరిగా లేనందుకు. పది గంటలు విశ్రాంతి తీసుకున్నాక 14 గంటల్లో 11 గంటలే నడపాలి మేము. ఆ అంకె సగటుకి రెండింతలు ఉందంటే ఆ కంపెనీ మనుషుల్ని నిద్ర లేకుండా పరిగెత్తిస్తోందని నాకు అనిపిస్తుంది. మీ సామాను సంగతి తర్వాత, ఆ బండి పక్కన మీ కారు వెళ్తుంటుంది.

చిన్న కంపెనీల దగ్గర శాతం చూసి భయపడకండి. మూడు తనిఖీల్లో ఒకటి తప్పితే 33 శాతం అని పడుతుంది. నాది కూడా ఒక ఏడాది అలాగే పడింది. ఎన్నిసార్లు ఆపారన్నది కలిపి చూడాలి.

---

ఆటోనగర్_లారీ (విజయవాడ)

అందరూ అమెరికా వాళ్లే, నేను బెజవాడ నుంచి. నాలుగు లారీలున్నాయి. చదువుతుంటే ముచ్చటేసింది. మా దగ్గర వేరేలా ఉంటుంది, చెబుతా.

ఇక్కడ కంపెనీని కాదు, బండిని చూస్తాం. ఎంపరివాహన్ యాప్‌లో లారీ నంబరు కొడితే ఫిట్‌నెస్ ఎప్పటిదాకా ఉంది, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా, పొల్యూషన్ సర్టిఫికెట్ ఉందా అన్నీ వచ్చేస్తాయి. ఎనిమిదేళ్ల లోపు బండికి రెండేళ్లకోసారి, ఆపైన ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. మా దగ్గర లోడు పెట్టే మిల్లువాళ్లు కొందరు ఇప్పుడు గేటు దగ్గరే నంబరు కొట్టి చూస్తున్నారు. ఫిట్‌నెస్ పోయిన బండిని లోపలికి రానివ్వరు. మంచి పద్ధతి.

ట్రాన్స్‌పోర్టు కంపెనీలకి కూడా 2007 నాటి క్యారేజ్ బై రోడ్ చట్టం ఉంది. పదిమంది సరుకు పోగుచేసి రశీదిచ్చి మోసేవాళ్లు కామన్ క్యారియర్‌గా రిజిస్టరు కావాలి. సరుకు పోతే బుక్ చేసిన 180 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, లేకపోతే కోర్టుకెళ్లినా నిలవదు. ఈ సంగతి సరుకు పంపేవాళ్లలో చాలామందికి తెలీదు. ఇండియాలో ఇల్లు మారేవాళ్లు కూడా ఇది గుర్తుపెట్టుకోవాలి.

అయ్యా కొలంబస్ గారూ, అక్కడ బండి మీద ఆ డాట్ నంబరు రాసి ఉంటుందా?

---

కొలంబస్_సేఫ్టీ

ఉంటుందండీ, ఉండి తీరాలి. ట్రక్కుకి రెండు పక్కలా కంపెనీ పేరు, డాట్ నంబరు రాయాలి, పగటి వెలుగులో 50 అడుగుల దూరం నుంచి చదవగలిగేంత పెద్దగా.

మీరు అడిగింది మంచిదైంది, అసలు చెప్పాల్సినది అదే. సైట్‌లో చూసిన నంబరు, కాంట్రాక్టులో ఉన్న నంబరు, ఇంటి ముందు ఆగిన బండి మీద నంబరు మూడూ ఒకటి కావాలి. చాలామంది మొదటిది చూసి ఊరుకుంటారు. అసలు మోసం మూడోదాని దగ్గర జరుగుతుంది. కోట్ ఒకరిది, కాంట్రాక్టు మరొకరిది, బండి ఇంకెవరిదో. తుంగభద్ర గారి ఇంటికి వచ్చిన ట్రక్కు మీద అసలేమీ లేకపోవడం అందుకే.

---

ఓరుగల్లు_పోరడు (హ్యూస్టన్)

అన్నా, నాదొక డౌటు. నేను స్టూడెంట్‌ని, సామాన్లేం లేవు. ఒక కారుంది, సియాటెల్ పంపాలె. కార్ షిప్పింగ్‌కి కూడా ఇట్లనే చూడాల్నా?

---

కొలంబస్_సేఫ్టీ

చూడాలి తమ్ముడూ. నువ్వు మాట్లాడేది దాదాపు ఖాయంగా బ్రోకర్‌తోనే. అతను నీ కారుని లోడ్ బోర్డులో, అంటే మోయాల్సిన సరుకుల ఆన్‌లైన్ జాబితాలో పెడతాడు, ఎవరో ఒక క్యారియర్ తీసుకుంటాడు. ఆ క్యారియర్ పేరు, డాట్ నంబరు కారు ఎక్కించక ముందే అడిగి తీసుకో.

ఇక్కడ ఇన్సూరెన్స్‌లో ఒక కిటుకుంది. పెద్ద ట్రక్కుతో మామూలు సరుకు మోసేవాళ్లకి కనీసం 7,50,000 డాలర్ల లయబిలిటీ ఉండాలని చట్టం. అది సైట్‌లో కనబడుతుంది. కానీ అది ఆ ట్రక్కు ఎవరినైనా గుద్దితే వాళ్లకి ఇచ్చేది, నీ కారుకి కాదు. మోసే సరుకు మీద ఇన్సూరెన్స్ ఉందని ప్రభుత్వానికి చూపించాల్సిన బాధ్యత ఇప్పుడు ఇంటి సామాను మూవర్లకే ఉంది, అదీ బండికి 5,000 డాలర్లే. కార్లు మోసేవాళ్లకి లేదు. అందుకని వాళ్ల కార్గో ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ అడుగు, దాని మీదున్న ఏజెంటుకి నువ్వే ఫోన్ చేసి అమల్లో ఉందో లేదో కనుక్కో. ఎక్కించేటప్పుడు, దించేటప్పుడు నాలుగు వైపులా ఫోటోలు తీసుకో. గీత పడితే డెలివరీ కాగితం మీద రాసి గానీ సంతకం పెట్టకు.

---

తుంగభద్ర_తీరం

కొలంబస్ గారూ, సేఫ్టీ రేటింగ్ అని కూడా ఉంటుంది కదా. నేను చూసిన చాలా కంపెనీలకి అక్కడ ఏమీ లేదు. ఏమీ లేదంటే మంచిదే కదా? మచ్చ లేనట్టేగా?

---

కొలంబస్_సేఫ్టీ

కాదండీ. ఖాళీగా ఉందంటే ఎవరూ చూడలేదని అర్థం, అంతే. రేటింగులు మూడు: శాటిస్‌ఫ్యాక్టరీ (బాగుంది), కండిషనల్ (లోపాలున్నాయి), అన్‌శాటిస్‌ఫ్యాక్టరీ (బాగాలేదు). అధికారులు కంపెనీ రికార్డులు లోతుగా పరిశీలిస్తేనే ఇస్తారు. దేశంలో ఎక్కువ కంపెనీలకి ఆ పరిశీలన జరగలేదు, అందుకే ఖాళీ. మంచి కంపెనీకీ ఖాళీ ఉండొచ్చు, చెడ్డదానికీ ఉండొచ్చు. ఉన్నచోట కూడా పక్కనున్న తారీఖు చూడండి. 2006లో ఇచ్చిన శాటిస్‌ఫ్యాక్టరీ ఇవాళ్టి కంపెనీ గురించి ఏం చెబుతుంది?

ఏడు విభాగాల్లో కంపెనీలని ఒకదానితో ఒకటి పోల్చి శాతాలు వేసే సీఎస్ఏ అనే పద్ధతి కూడా 2010 చివర్లో వచ్చింది. 2015లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టంతో సరుకు కంపెనీల శాతాలని జనానికి కనబడకుండా చేశారు. ఎస్ఎంఎస్ (సేఫ్టీ మెజర్‌మెంట్ సిస్టమ్) అనే పేజీలో విడివిడి తనిఖీలు, ఏ తప్పుకి రాశారు అన్నది మాత్రం ఇప్పటికీ చూడొచ్చు. చిన్న కంపెనీలకి ఆ లెక్క అన్యాయం చేస్తోందని వ్యాపారుల వాదన. అందులో కొంత నిజముంది. అయినా సామాను అప్పగించే మనిషికి అది కనబడాలనే నేను అనుకుంటాను.

ప్రమాదాల పట్టిక విషయంలో మాత్రం తొందరపడకండి. మనిషి చనిపోయినా, ఆసుపత్రికి తీసుకెళ్లేంత దెబ్బ తగిలినా, బండిని లాగించాల్సి వచ్చినా ఆ పట్టికలోకి ఎక్కుతుంది. తప్పు ఎవరిదన్నది అక్కడ ఉండదు.

---

రాత్రిబండి

కండిషనల్ రేటింగ్ ఉన్న కంపెనీ దగ్గర నేను ఏడాది పనిచేశాను. కాగితాల్లో లోపాలవి, బండ్లు బాగానే ఉండేవి. కండిషనల్ చూసి పక్కన పెట్టేయడం సరికాదని నా అభిప్రాయం.

---

కొలంబస్_సేఫ్టీ

ఇక్కడ మనిద్దరికీ కుదరదు. కాగితాల్లో లోపమంటే ఏ కాగితాలు? డ్రైవర్ల డ్రగ్ టెస్టులవా, గంటల లాగ్‌బుక్కులవా, బండి మరమ్మతులవా? అవి సరిగా లేనప్పుడు బండ్లు బాగున్నాయని చెప్పడానికి ఆధారం ఏమిటి? సరుకు పంపే వ్యాపారి అయితే అడిగి తెలుసుకుని నిర్ణయించుకోవచ్చు. ఇల్లు మారే కుటుంబానికి వేరే కంపెనీ దొరుకుతుంది.

---

రాత్రిబండి

మరమ్మతుల కాగితాలే అవి. ఆ బండి నడిపింది నేను కాబట్టి నాకు తెలుసు, బయటివాళ్లకి తెలిసే దారి లేదు, నిజమే. అయినా నా మాట మీద నేనున్నాను. అదే రేటింగ్‌తో ఇప్పటికీ బాగా నడిచే కంపెనీలు నాకు తెలుసు.

---

పాలపిట్ట

అందరికీ ఎంత కృతజ్ఞత చెప్పాలో తెలీదు. ఆ బ్రోకర్‌కి వద్దని చెప్పేశాను. అప్పటిదాకా అమ్మా అమ్మా అన్న మనిషి గొంతే మారిపోయింది.

ఎఫ్ఎంసీఎస్ఏ వాళ్లదే ‘ప్రొటెక్ట్ యువర్ మూవ్’ అని పేజీ ఉందని మా పక్కింటావిడ చెప్పారు. అందులో మూవర్ పేరు కొడితే ఏ ఏడాది ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో కూడా చూపిస్తోంది. మూడు కంపెనీలు తేల్చుకున్నాను. మూడింటికీ హెచ్‌హెచ్‌జీ అనుమతి ఉంది. ఒకదానికి బండ్లు మూడే, గత ఏడాది ఫిర్యాదులు మాత్రం పందొమ్మిది. అది తీసేశాను. ఇంకొకటి ఎంసీఎస్-150 అని ఏదో ఫారం తారీఖు నాలుగేళ్ల కిందటిది. అది పట్టించుకోవాలా?

---

కొలంబస్_సేఫ్టీ

పట్టించుకోవాలి. కంపెనీ తన వివరాలు రెండేళ్లకోసారి ఆ ఫారంలో నవీకరించాలి. ఏ నెలలో అన్నది డాట్ నంబరులోనే ఉంటుంది. చివరి అంకె 1 అయితే జనవరి, 2 అయితే ఫిబ్రవరి, అలా 9 అయితే సెప్టెంబరు, 0 అయితే అక్టోబరు. దాని ముందున్న అంకె బేసి అయితే బేసి సంవత్సరం, సరి అయితే సరి సంవత్సరం. 47తో ముగిసే నంబరు సరి సంవత్సరాల్లో జులై ముగిసేలోపు చేయాలి. చేయకపోతే నంబరునే ఆపేయొచ్చు. ఉచితంగా, పది నిమిషాల్లో అయ్యే పని నాలుగేళ్లుగా చేయనివాళ్లు మీ వీణ పట్ల ఏం శ్రద్ధ చూపిస్తారు?

మిగిలిన కంపెనీని ఇంటికి పిలిచి, లేదా వీడియోలో, సామానంతా చూపించి బైండింగ్ అంచనా రాయించుకోండి. ‘ఫుల్ వాల్యూ ప్రొటెక్షన్’ తీసుకోండి, అంటే సామాను పోయినా విరిగినా దాని విలువకి వాళ్లదే పూచీ. అది వద్దని సంతకం పెడితే పరిహారం పౌనుకి 60 సెంట్లు. పది పౌన్ల వీణకి ఆరు డాలర్లు. వీణ విలువ విడిగా రాయించండి. వీలైతే వీణని మీ కారులోనే తీసుకెళ్లండి.

---

పాలపిట్ట (జులై)

ఫ్రిస్కో నుంచి రాస్తున్నాను. సామాను వచ్చింది.

ఎక్కించే రోజు ట్రక్కు ఆగగానే ముందు వెళ్లి తలుపు మీద నంబరు చదివాను. చివరి రెండు అంకెలు వేరుగా ఉన్నాయి. గుండె జారిపోయింది. ఎక్కించడం ఆపమని చెప్పి, అక్కడే ఫోన్‌లో సేఫర్ తెరిచి ఆ నంబరు కొట్టాను. క్యారియర్, హెచ్‌హెచ్‌జీ అనుమతి ఉంది, కానీ మా కాంట్రాక్టు కంపెనీ కాదు. ఆఫీసుకి ఫోన్ చేస్తే, తమ ట్రక్కు పెన్సిల్వేనియాలో ఆగిపోయిందని, తెలిసిన కంపెనీ బండి పంపామని, చెప్పడం మరిచామని అన్నారు. అది నిజమే కావచ్చు. కానీ నేను సంతకం పెట్టింది వాళ్లతో. మీ బండి వస్తేనే ఎక్కిస్తానన్నాను. మావారు కంగారుపడ్డారు, తాళాలు మర్నాడు ఇచ్చేయాలి. మేం కాళ్లావేళ్లా పడితే అపార్ట్‌మెంట్ మేనేజరు ఒక్కరోజు గడువిచ్చాడు. మర్నాడు మధ్యాహ్నం సరైన నంబరుతో బండి వచ్చింది. ఫోటో తీసుకున్నాను.

జాబితా ప్రతి లైనూ చదివాను. ‘పెట్టె, 1’ అని రాసినచోట ‘కొండపల్లి బొమ్మలు’ అని రాయించాను. రాసేవాడు విసుక్కున్నాడు, తుంగభద్ర గారి గంగాళం గుర్తొచ్చి నేను కదల్లేదు. రాసుకున్న రేటుకి ఒక్క డాలరు ఎక్కువ అడగలేదు. గాజు అల్మరా కాలు ఒకటి విరిగింది. దించిన కాగితం మీదే రాయించాను, క్లెయిమ్ పంపాను. తొమ్మిది నెలల గడువుందట, నేను నాలుగో రోజే పంపేశాను.

వీణ మాత్రం కారు వెనక సీట్లో, దుప్పటి చుట్టి, పదిహేను వందల మైళ్లు నా పక్కనే వచ్చింది.

---

తుంగభద్ర_తీరం

ఆ ఒక్కరోజు ఆగగలిగారు చూడండి, నాకు కళ్లు చెమర్చాయి. నేను కూడా నిన్న ఎఫ్ఎంసీఎస్ఏ వాళ్ల ఫిర్యాదుల నంబరు 1-888-368-7238కి ఫోన్ చేసి, 2021లో జరిగింది మొత్తం చెప్పాను. డబ్బు ఇప్పించడం వాళ్ల పని కాదని ముందే చెప్పారు, సరే అన్నాను. ఆ కంపెనీ నంబరు కొట్టేవాళ్లకి ఇకపై ఒక ఫిర్యాదు ఎక్కువ కనబడుతుంది.